తిత్తి నాలుక

బండి క్యాబిన్ల గాలి గురించి రాస్త అంటె మా స్టాఫ్ రూంల నవ్విన్రు. "దళిత జీవితం రాయమంటె ఏసీ రిపేరు రాస్తవా" అన్నడు ఒక సారు. ఆయన నవ్వుల తప్పేం లేదు. మన బతుకంటె ఆకలి, అవమానం, చావు, ఇవ్వే రాయాలె అని అందరికీ ఒక లెక్క ఉన్నది. మా చేతుల పని గురించి, ఆ పనిల ఉన్న తెలివి గురించి రాస్తె అది సాహిత్యం కిందికి రాదు, శాస్త్రం కిందికి అసలే రాదు. నేను మాత్రం గాలి గురించే రాస్త. మా తాత కొలిమి తిత్తులు, మోట బొక్కెనలు కుట్టిండు. మా నాయిన చెప్పులతోపాటు బోరింగు వాషర్లు కోసిండు. మా అన్నకు నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిల ఒక చిన్న షెడ్డు ఉన్నది. లారీలకు, వ్యాన్లకు బ్రేకు బూస్టర్లు, వాక్యూమ్ పంపులు, ఏసీలు బాగుచేస్తడు. నేను సర్కారు బడిల ఫిజికల్ సైన్స్ చెప్త. నలుగురం చేసేది గాలి పనే. జీతం మాత్రం నా ఒక్కనికే నెల నెలా బ్యాంకుల పడ్తది.

మాది కీసర మండలం. అప్పట్ల రంగారెడ్డి జిల్లా అంటుండె, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. జిల్లా పేరు మారింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఎకరాలు గజాలైనయి. వాడ మాత్రం ఊరికి ఏ దిక్కున ఉండెనో ఆ దిక్కునే ఉన్నది. 1994 జులైల ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోర పుట్టిన ఏడాది మా అన్న ఏడో తరగతి. మరుసటేడు బడి ఇడిసిపెట్టి ఉప్పల్‌ల ఒక లారీ షెడ్డుల హెల్పర్‌గా కుదిరిండు. మూడేండ్లు స్పానర్ ముట్టనియ్యలేదు. కిరసనాయిల్ల నట్లు కడుగుడు, టైర్లు దొర్లించుడు, మిస్త్రీకి చాయ్ తెచ్చుడు. ఆయన గ్లాసు గూట్లె, మా అన్న గ్లాసు షెడ్డు బయట రేకు మీద. పట్నంల కులం లేదని చెప్పేటోళ్లు ఆ రేకును చూడలే. ఆ షెడ్డు కూలితోనే నాకు హాస్టల్ల సబ్బులు, నోటు పుస్తకాలు వచ్చినయి. ఉస్మానియాల నేను బీఎస్సీ పాసైన దినం మా అన్న గ్రీజు చేతులతోనే వచ్చి మార్కుల మెమో కొసలు పట్టుకొని చూసిండు. మా ఇంట్ల డిగ్రీ కాయితం అదే మొదటిది.

2023 ఎండకాలం. కీసరగుట్ట అవతల ఫాంహౌజ్ ఉన్న ఒక పెద్దమనిషి మా అన్నకు ఫోన్ చేసిండు. ఆయన తాన అమెరికా ట్రక్కు ఉన్నది. ఫోర్డ్ ఎఫ్-150, 1989 మోడల్. ముందట ఇద్దరు ముగ్గురు కూసునే క్యాబిన్, ఎనుక సామాన్ల తొట్టి. ఎడమచేతి స్టీరింగ్. ఎట్ల తెచ్చిండో, ఏ కాయితాల మీద తెచ్చిండో మనకెందుకు. ఆదివారం ఆదివారం దోస్తులను ఎక్కించుకొని గుట్ట ఎక్కి దిగుతడు. దాని ఏసీ సరిగ పనిచేస్తలేదు. అప్పటికే పట్నంల పెద్ద ఏసీ షాపోళ్లు రెండుసార్లు గ్యాసు నింపి బిల్లు తీసుకున్నరు. బండిని షెడ్డుకు పంపడట, గీతలు పడ్తయట, ఇంటికే రావాలెనట. బండితో వచ్చిన రిపేరు పుస్తకం ఇంగ్లీషుల ఉన్నదని మా అన్న నన్ను తోడు తీసుకపోయిండు.

రోగం ఏందంటె, బండి నిలబెట్టి ఏసీ వేస్తె ముందటి జాలీలల్ల నుంచి సల్లటి గాలి మంచిగ మొఖానికి కొడ్తది. సాఫు రోడ్డు మీద కూడ కొడ్తది. గుట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కంగనే ఆ గాలి జాలీల నుంచి మాయమై ముందటి అద్దం మీదికి పోతది. పైకి ఎక్కి కాలు తీస్తె మళ్ల మొఖానికి వస్తది. మా అన్న ఒక్కసారి గుట్ట ఎక్కి దిగి, "గ్యాసు తప్పు కాదు సార్" అన్నడు. "గాలి సల్లగనే ఉన్నది. దారి తప్పుతున్నది."

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలె, నా అలవాటు పోదు. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చుకుంటది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు గాలి వచ్చే దారి దాదాపు మూసి ఉంటది, పిస్టన్లు మాత్రం గుంజుతనే ఉంటయి. అందుకని ఇంటేక్ మానిఫోల్డుల గాలి పలచబడ్తది. దాన్నే మెకానిక్కులు వాక్యూమ్ అంటరు. ఆ పాత అమెరికా బండ్లల్ల ఈ గుంజుడును సన్న గొట్టాలతో డ్యాష్‌బోర్డు ఎనుకకు తీసుకపోతరు. అక్కడ గిన్నెల వంటి చిన్న డబ్బాలు ఉంటయి. డబ్బాల రబ్బరు పొర, పొరకు కడ్డీ, కడ్డీకి ఒక రేకు తలుపు. మనం ముందట మీట జరిపినప్పుడు ఏ డబ్బాకు వాక్యూమ్ పోవాలెనో అది పోతది, పొర గుంజుకుంటది, తలుపు తిరుగుతది. గాలి మొఖానికా, కాళ్లకా, అద్దానికా అన్నది అట్ల తేలుతది. వాక్యూమ్ పోయిందంటె స్ప్రింగు ఆ తలుపును అద్దం దిక్కు తోస్తది. అది కావాలనే పెట్టిన్రు. ఏది చెడిపోయినా ముందటి అద్దానికి మంచు పట్టొద్దు, డ్రైవర్‌కు దారి కనపడాలె. డీజిల్ ఇంజన్‌కు ఇట్లాంటి గుంజుడు ఉండదు కాబట్టి మన చిన్న లారీలకు, జీపులకు చాలావాటికి ఆల్టర్నేటర్‌కు తగిలించి వేరే వాక్యూమ్ పంపు పెడ్తరు. మా అన్న చేతులు ముప్పయ్యేండ్లుగ తిరిగింది ఆ పంపుల మీదనే.

గుట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగ తొక్కుతం కాబట్టి గాలి దారి తెరుచుకుంటది, మానిఫోల్డుల వాక్యూమ్ పడిపోతది. అది పడిపోయినా కొంతసేపు నడవాలెనని ఇంజన్ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి అందుల వాక్యూమ్ దాచిపెడ్తరు. దాచింది ఎనుకకు పోకుండ నడుమ ఒక చెక్ వాల్వ్. ఒక దిక్కే గాలిని పోనిస్తది. పెట్రోల్ బండి నిలబడి ఉండంగ మానిఫోల్డుల 17 నుంచి 21 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఉండాలె. మేం గేజీ పెడ్తె 16 చూపించింది. పెద్దమనిషి మొఖం మాడ్చుకున్నడు. ఆ అంకె సముద్రం ఒడ్డున ఉన్నోళ్లకు సార్, మనం 500 మీటర్ల పైన ఉన్నం, ఇక్కడ గాలి బరువే తక్కువ, ఒకటిన్నర రెండు అంగుళాలు తగ్గి చూపిస్తది అని నేను చెప్పిన. అప్పుడు నాకు కుర్చీ వేసిన్రు. సార్లా మీరు, ఏ స్కూలు, అని అడిగిన్రు. పింగాణి కప్పుల కాఫీ వచ్చింది. మా అన్న బండి కింద ఎల్లెలుకల పండుకొని ఉండె. ఆయన కాఫీ బానెట్ మీద సల్లారింది.

ఇంజన్ బందు చేసి డబ్బా తర్వాత గొట్టానికి గేజీ పెట్టినం. ముల్లు నిలబడాలె. మేం చూస్తుండంగనే సున్నాకు వచ్చింది. మా అన్న చెక్ వాల్వ్ ఊడదీసి ఈ దిక్కు నుంచి ఊదిండు, ఆ దిక్కు నుంచి ఊదిండు. రెండు దిక్కులా గాలి పోతున్నది. ఆ ఆదివారం అక్కడికే అయింది.

రాత్రి అన్నం కాడ నాయిన అడిగిండు ఏమైందని. నేను బొమ్మ గీసి చెప్పవోయిన. సగంలనే ఆపిండు.

"గంతేనా? నాలుక పోయింది."

"ఏం నాలుక నాయినా?"

"తిత్తికి లోపల తోలు నాలుక పెడ్తం గదా బిడ్డా. తిత్తి లేపినప్పుడు నాలుక తెరుచుకొని గాలి లోపలికొస్తది. నొక్కితె నాలుక మూసుకుంటది, గాలి ముక్కుల నుంచి నిప్పు మీదికే పోవాలె. నాలుక ఎండి వంకరపోతె కమ్మరాయన తిడ్తుండె మీ తాతను."

నేను పదేండ్ల సంది చెప్తున్న పాఠం అది, వాతావరణ పీడనం. సైన్సు పుస్తకాలల్ల మాగ్డెబర్గ్ కథ ఉంటది. 1650లల్ల జర్మనీల ఆటో వాన్ గెరిక్ అనే పట్టణ మేయరు రెండు లోహపు అర్ధగోళాలను ఒకదానికొకటి ఆనించి లోపలి గాలి తోడేసిండు. గుర్రాలు చెరో దిక్కు గుంజినా అవి ఊడలే. పిల్లలకు గుర్రాల బొమ్మ మస్తు నచ్చుతది. ఆ రెండు గోళాల నడుమ గాలి దూరకుండ పెట్టింది మాత్రం మైనం, టర్పెంటైన్ పట్టించిన తోలు పట్టీ. ఆ తోలు ఊనినోడు ఎవడో పుస్తకం చెప్పదు. ఇంగ్లండుల ఇండ్లకు గ్యాసు కొలిచే మీటర్లల్ల చాలాకాలం గొర్రెతోలు పొరలే వాడిన్రు. శూన్యం అనేది తత్త్వవేత్తలు మాట్లాడుకునే మాట అయితె కావచ్చు, దాన్ని పట్టి నిలిపింది మాత్రం తోలు. తోలును పదునుపెట్టుడు అంటె ఊరి బయట సున్నంల నానబెట్టి బొచ్చు దీసి, తంగెడు చెక్క నీళ్లల్ల రోజుల తరబడి లందల ఊరబెట్టుడు. ఆ వాసనకు ముక్కు మూసుకున్నోళ్లే మోట నీళ్లతో వరి పండించుకున్నరు. ఇది రసాయనశాస్త్రం కాదా? మేం బీఎస్సీల చదివింది మరేంది?

బోరింగు సంగతి చెప్పకుంటె ఈ కథ నడవదు. యూనిసెఫ్ తోడ్పాటుతో 1970లల్ల తయారైన ఇండియా మార్క్-2 చేతిపంపులు మన ఊర్లల్ల అంతటా పడ్డయి. నైట్రైల్ రబ్బరు వాషర్లు రాకముందు వాటి సిలిండరుల పిస్టన్‌కు తోలు గిన్నెలే ఉండేవి. అవి అరిగిపోతె పిడి ఎంత కొట్టినా నీళ్లు రావు. మండలాఫీసు నుంచి సామాను వచ్చేదాక ఊరు ఆగదు కదా. మా నాయినను పిలుస్తుండ్రి. గట్టి తోలు నానబెట్టి, చెక్క అచ్చుల ఒత్తి, అంచు రంపెతో సాపు చేసి, ఆముదం పట్టించి ఇస్తుండె. ఊరి నడుమ బోరింగు కడుపుల మా నాయిన చేసిన తోలు గిన్నె రాత్రింబగళ్లు నీళ్లను గుంజుతుండె. ఆ నీళ్లు తాగినోళ్లకు అంటు లేదు. పిడి మీద మా అమ్మ చెయ్యి పడితె అంటు. ఎవరో ఒకరు వచ్చి కొట్టిపోసేదాక బిందె పట్టుకొని దూరంగ నిలబడుతుండె. నేను ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డ. నాకు అప్పుడు ఏడేండ్లు. ఆ పనికి పైసలు ఇయ్యలే. కల్లంల ఇన్ని గింజలు, పండుగకు ఇంత కూర. దానికి లెక్క లేదు, రసీదు లేదు, అడిగే నోరు లేదు.

రెండో ఆదివారం నాయిన కూడ వచ్చిండు. మా అన్న పాత సామాన్ల అంగట్లె మారుతి కారు బ్రేకు బూస్టర్ గొట్టానికి ఉండే చెక్ వాల్వ్ తెచ్చి, సైజు కలిసేటట్టు రబ్బరు గొట్టాలు ఒకదాంట్ల ఒకటి దూర్చి బిగించిండు. ఇప్పుడు ముల్లు ఎంటనే పడలే గాని మెల్లమెల్లగ జారుతనే ఉన్నది. ఇంకో తాన కారుతున్నది. ఇంజన్ నడుస్తుంటె ఆ సప్పుడుకు ఏం వినపడదు. ఇంజన్ బందు పెట్టి వెతకాలంటె చేతితో వాక్యూమ్ గుంజే పంపు కావాలె. అది కొనాలంటె వేలు. నాయిన నా సైకిల్ పంపు తెప్పించి, పిడి ఊడదీసి, లోపలి తోలు గిన్నెను తిప్పి పెట్టిండు. మామూలుగ అది నొక్కితె గాలి తోస్తది. తిప్పిపెడ్తె గుంజితె గాలి గుంజుతది. ముందట ఒక చెక్ వాల్వ్ తగిలించినం. నాలుగైదు గుంజులకు గేజీ ముల్లు 15 దాటింది.

తర్వాత అంతా ఓపిక పని. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి మా అన్న ఒక్కొక్క గొట్టాన్ని గుడ్డ చుట్టిన పట్టకారుతో నొక్కిండు. నేను ముల్లు చూసిన. మొదటిది నొక్కితె ముల్లు జారుతనే ఉన్నది. రెండోది, అట్లనే. మూడోది నొక్కంగనే ఆగింది. "ఆగింది అన్నా." వదిలిండు, జారింది. మళ్ల నొక్కిండు, ఆగింది. అంటె ఆ గొట్టం అవతలనే చిల్లు. గొట్టం ఊడదీసి ఒక కొస ఏలుతో మూసి రెండో కొస నోటితో పీల్చిండు, గొట్టం మంచిగనే పట్టింది. తప్పు డబ్బాది. జాలీల తలుపును తిప్పే డబ్బా అది. అంచు రేకును మెల్లగ లేపి ఇప్పితె లోపల రబ్బరు పొర మడత కాడ చీలి ఉన్నది. ముప్పై నాలుగేండ్ల రబ్బరు, ఎండకు పెటపెటలాడుతున్నది.

కొత్త డబ్బా అమెరికా నుంచి రావాలె. పెద్దమనిషికి వచ్చే ఆదివారం దోస్తులు ఉన్నరు. నాయిన సంచి ఇప్పిండు. రంపె, ఆరె, గూటం, ఒక గుడ్డల చుట్టిన పలచటి మేకతోలు. పాత పొరను అచ్చు పెట్టి తోలు కోసి, తడిపి, గిన్నె ఆకారానికి ఒత్తి, ఆరబెట్టి, మైనం కలిపిన ఆముదం పట్టించిండు. రెండు గంటల పని. మా అన్న అంచు మళ్ల ఒత్తి బిగించిండు. పంపుతో గుంజితె కడ్డీ లోపలికి పోయి నిలబడింది. పది నిమిషాలకు కూడ ముల్లు కదలలే.

ఆ సంచి ఇప్పినప్పుడే పెద్దమనిషి చూపు మారింది. రంపెను చూసి గుర్తుపట్టనోడు మన ఊర్లల్ల ఎవడుంటడు? "ఓహో, మీరు ఆ వాడోళ్లా" అని ఒక్క మాట అన్నడు. ఇంకేం అనలే. ఆ మాట తర్వాత వచ్చిన కాఫీ కాయితం గ్లాసులల్ల వచ్చింది, ముగ్గురికీ. నాకు కూడ. గుట్ట ఎక్కి చూద్దామని బండి తీసేటప్పుడు పనిమనిషి వచ్చి సీటు మీద పాత చద్దరు పరిచిండు, గ్రీజు అంటుకుంటదని. మొదటి ఆదివారం మా అన్న ఒంటికి ఇంతకంటె ఎక్కువ గ్రీజు ఉండె.

గుట్ట పైదాక గాలి మొఖానికే కొట్టింది. నాయిన నడుమ సీట్ల కూసొని జాలీ ముందట అరచెయ్యి పెట్టి పైకి చేరేదాక తీయలే.

బిల్లు నన్నే రాయమన్నడు మా అన్న, తెలుగుల. చెక్ వాల్వ్ 300. రబ్బరు గొట్టాలు 180. నా తమ్ముడు ఇంగ్లీషు చదివిండు, దానికి ఏం వద్దులే అని నవ్విండు. రెండు ఆదివారాల మెకానిక్ కూలి 3,500. దాని కింద వేరే వరసల, డయాఫ్రమ్ తోలు పని, మిస్త్రీ కూలి 1,200 అని రాయమన్నడు. పెద్దమనిషి మీది అంకెలన్నీ ఒప్పుకొని ఆ ఒక్క వరస కాడ ఆగిండు. గ్యాసు తప్పు కాకున్నా రెండుసార్లు గ్యాసుకు పైసలు కట్టిన మనిషి ఆయన.

"తోలు ముక్కకు పన్నెండు వందలా?"

"ముక్క ఇరవై రూపాయలు కూడ చెయ్యది సార్. అది పని. ఆయన చేసిండు, ఆయన కూలి రాసిన."

"పెద్దాయనకు ఒక బస్తా బియ్యం ఇప్పిస్త తియ్యి. మా తాతల కాలం నుంచి ఇచ్చేదే కదా."

ఆయన కోపంగ అనలే. ప్రేమగనే అన్నడు. అందుకే నాకు గొంతుల అడ్డం పడ్డది. మా అన్న మాత్రం సప్పుడు పెంచలే. "బియ్యం మా ఇంట్ల ఉన్నయి సార్. పైసలియ్యిరి. ఫోన్‌పే ఉన్నది" అన్నడు. కొంతసేపు ఎవరూ మాట్లాడలే. ఆఖరికి ఫోన్ తీసి 5,180 కొట్టిండు. ఇంటికి వచ్చే తొవ్వల నాయిన ఆ వరస ఒకటి రెండుసార్లు చదివిపించుకున్నడు. "మిస్త్రీ అని రాసినవా?" అని అడిగిండు. రాసిన నాయినా అన్న.

రెండు నెలలకు అమెరికా నుంచి అసలు డబ్బా వచ్చింది. మా అన్న పోయి మార్చిండు. అప్పటిదాక తోలు పొర నడిచింది. దాన్ని తెచ్చి నాకిచ్చిండు, బడిల చూపియ్యమని. తొమ్మిదో తరగతికి పీడనం చెప్పేటప్పుడు సైకిల్ పంపు, ఆ పొర, ఒక ప్లాస్టిక్ డబ్బా బల్ల మీద పెడ్త. ముట్టుకొని చూడమంట. ముట్టడానికి ఎనకాడే పిల్లలు ఎవరో, ఎగబడి వచ్చే పిల్లలు ఎవరో చూస్తుంటె పీడనం కంటె వేరే లెక్కలు కూడ తెలుస్తయి. తోలు క్లాసుల ఎందుకు సార్, రబ్బరు బెలూన్ సరిపోతది కదా అన్నడు మొన్న ఒక తోటి టీచరు. బెలూన్ కూడ తెస్త సార్ అన్న.

ఇప్పుడు మా అన్న దిగులు వేరే ఉన్నది. 2023 డిసెంబరుల కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్తగ తయారయ్యే సరుకు లారీలకు, మూడున్నర టన్నులు దాటినవాటికి, డ్రైవర్ క్యాబిన్‌కు ఏసీ ఉండాలె. మంచిదే. ఉప్పల్‌ల, నాచారంల, చర్లపల్లిల ఎండకాలం ఇంజన్ పక్కన కూసొని కాళ్లు కాలిన డ్రైవర్లు, క్లీనర్లు మా వాడ నుంచి ఎంతమంది పోలే. కాని అది కొత్త బండ్లకే. ఇప్పుడు రోడ్డు మీద ఉన్న పాత లారీలకు ఆ రూలు లేదు, వాటిని నడిపేది కిరాయి డ్రైవర్లు. మా అన్న షెడ్డుకు వచ్చేటివి ఎక్కువ అవ్వే. రెండో సంగతి, కొత్త బండ్లల్ల ఈ గాలి తలుపులను చాలామటుకు తిప్పేది చిన్న కరెంటు మోటార్లు, వాటి ఎనుక కంప్యూటరు. అక్కడ గొట్టం నొక్కి చూసే పని లేదు, ఉస్సుమనే సప్పుడు లేదు. మిషన్ తగిలించి కోడు చదవాలె. ఆ మిషన్ మా అన్న కిస్తుల మీద తెచ్చిండు. కోడుల పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది. బడి అయినంక బుధవారం, శనివారం నేను షెడ్డుకు పోయి చదివి చెప్తున్న, ఆయన తెలుగుల నోటు పుస్తకంల రాసుకుంటున్నడు. మొన్నటికి నలభై రెండు కోడులైనయి.